అరటాకుల్లో కలిసిపోయిన పిన్ని

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్నిని పెరట్లో అరటిచెట్ల ముందు నిలబెట్టి ఫోటో తీశాను. ఎర్ర నేత చీర, వెనక నిండుగా ఆకులు. కెమెరా తెర మీద చీర నిప్పులా వెలిగిపోయింది. ఇంటికొచ్చి దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాను. చీర లేదు! చీరా ఆకులూ ఒకే బూడిద రంగులోకి దిగిపోయి, మధ్యలో పిన్ని ముఖమూ చేతులూ మాత్రం తేలుతున్నాయి. వాట్సాప్‌లో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "ఏంట్రా, నన్ను పొదలో దాచినట్టు తీశావు?"

తప్పు నాదే. ఎరుపూ ఆకుపచ్చా కంటికి బద్ధశత్రువులు. రంగు తీసేశామా, మిగిలేది వెలుగొక్కటే. బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చే మామూలు లెక్కలో ఆకుపచ్చకు 59 పాళ్లు, ఎరుపుకు 30, నీలానికి 11. ఆ తక్కెడలో వేస్తే నిండు ఎరుపూ ముదురు ఆకుపచ్చా దాదాపు సరితూగుతాయి. ఇన్నేళ్లుగా తెలిసిన సంగతే. ఆ చీర అందం ముందు మర్చిపోయాను.

నాకు ఈ పని నేర్పిన స్టూడియో ఆయన ప్రింటు చేతికి రాగానే ముఖం చూసేవాడు కాదు. తల చుట్టూ చూపుడువేలు తిప్పుతూ, "జుట్టెక్కడ అయిపోయింది బాబూ, తలుపెక్కడ మొదలైంది?" అనేవాడు. మనవాళ్ల ఫోటోల్లో గొడవంతా అక్కడే. నూనె రాసి దువ్విన నల్లటి జుట్టు, వెనక టేకు తలుపు. నెత్తి సగం మాయం. ఫోటో తీసే ముందు కళ్లు చికిలించి చూడమనేవాడు. అలా చూస్తే వివరాలు కరిగి వెలుగూ చీకటీ ముద్దలుగా కనిపిస్తాయి. రెండు ముద్దలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ఆ మనిషిని అక్కడినుంచి జరపాలి.

ఇప్పుడు ఎవరినడిగినా ఒకటే మందు చెబుతారు: అపర్చర్‌ను ఎఫ్ 1.8కి తెరిచి వెనకదంతా మసక చేసెయ్. మసక వల్ల ఆకుల గజిబిజి తగ్గే మాట నిజమే. కానీ వాటి బూడిద రంగు మారదు. మసకబారిన నలుపు ముందు నల్లజుట్టు ఎప్పటిలాగే మాయమవుతుంది.

అసలు మందు దూరం. చిన్న దీపం ముఖానికి 1 మీటరు దూరంలో, గోడకు 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ముఖం మీద పడే వెలుగులో తొమ్మిదో వంతే గోడ మీద పడుతుంది. తెల్లటి సున్నపు గోడ కూడా ముదురు బూడిదగా దిగిపోతుంది. కిటికీ వెలుగు ఇంత లెక్కగా తగ్గదు గానీ, దాని తీరూ అదే. అందుకే మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టడమంత అన్యాయం లేదు. నాలుగడుగులు ముందుకు జరిపితే గోడ ఎంత ముదరాలో మన చేతిలోకి వస్తుంది.

ఇంకో పాత కిటుకు చదరంగం గళ్లలాంటిది. ముఖంలో వెలుగు పడిన వైపు వెనక చీకటి ఉండాలి, నీడ వైపు వెనక కాస్త వెలుగుండాలి. అప్పుడు రెండు అంచులూ తమంతట తామే తేలతాయి. వెనకనుంచి జుట్టు మీద సన్నటి వెలుగు వేసే పద్ధతీ ఉంది. అది కాస్త ఎక్కువైతే మా పిన్ని క్యాలెండర్లో దేవతైపోతుంది.

1957లో వచ్చిన 'మాయాబజార్' చూసినప్పుడల్లా దానికి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీకి దణ్ణం పెట్టుకుంటాను. పడవ మీద వెన్నెల వేళ, ఒక్క రంగు సాయం లేకుండా మనుషులు రాత్రిలోంచి విడిగా నిలబడతారు. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. రంగుల్లో చీర చీరగా, నీళ్లు నీళ్లుగా వాటంతటవే విడిపోతాయి. మొదటి సినిమాలో ఆ పనంతా దీపాలే చేశాయి.

పిన్ని ఫోటోను కొంత బాగుచేశాను. ఫిల్ము రోజుల్లో అయితే లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే చీర లేతబడేది, ఆకులు ముదిరేవి. కాకపోతే పెదాలు పాలిపోయేవి. చామనఛాయ తెల్లబారేది. ఇప్పుడు రంగుల ఫైలు దాచుకుంటే చాలు, అదే పని కంప్యూటర్లో చేసుకోవచ్చు. ఎరుపు జోలికి వెళ్తే చర్మం కూడా కదులుతుంది. అందుకని ఆకుపచ్చనే కొంచెం పెంచాను. ఆకులు తేలాయి, చీర బయటికొచ్చింది. అయినా అది అతుకు పనే.

పిన్ని మనవడు ఊరుకోలేదు. తన ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి నానమ్మను తీసి చూపించాడు. అంచు కత్తెరతో కోసినంత పదును. చెవి పక్కన లేచిన నాలుగు వెంట్రుకలూ ఎగిరిపోయాయి. సినిమా హాలు ముందు నిలబెట్టిన కటౌట్‌లా ఉంది. విడదీయడం వేరు, కోసేయడం వేరు. మనిషి వెనకున్న చోటు నుంచి తేలాలి, కానీ ఆ చోటి మనిషే అయి ఉండాలి.

మొన్న వేసవిలో మళ్లీ వెళ్లాను. ఈసారి పిన్నిని వసారాలో, గుమ్మానికి నాలుగడుగులు ముందు కూర్చోబెట్టాను. వెనక నడిమింటి చీకటి. జుట్టు అందులో కలిసిపోతోంది. పెరటి తలుపు తీయించాను. లోపలి గోడ మీద పల్చటి వెలుగు పడి, నీడ వైపు చెంప అంచు తేలింది. చీకటి వైపు జడ అంచును పిన్ని పెట్టుకున్న మల్లెదండే గీసింది. ఏ దీపమూ అంత నేర్పుగా గీయలేదు. చీర కుచ్చిళ్లు చీకట్లోకి జారిపోయాయి. వాటిని అలాగే వదిలేశాను. అన్ని అంచులూ తేలక్కర్లేదు.

ప్రింటు తీసి ఇచ్చాను. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. నా పనితనం మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

"అటక మీద ఆ ఇత్తడి బిందె కూడా పడింది కదరా," అంది. "తోమి పెట్టేదాన్ని, ముందు చెప్పొద్దూ?"