బంగారు బియ్యము: వన్నె, వాసి

ఎ-విటమిను లోపించిన పసిపిల్లలకు మొదట రేచీకటి కలుగును. లోపము ముదిరినచో చూపే పోవును. అన్నమే ముఖ్యాహారమైన పేద ఇండ్లలో ఈ ప్రమాదము హెచ్చు. వరి ఆకులో బీటా కెరోటిన్ కలదు గాని, తవుడు పోగా మిగిలిన తెల్లని గింజలో లేదు. ఈ కొరతను తీర్చుటకు పుట్టినదే బంగారు బియ్యము. స్విట్జర్లాండులో ఇంగో పోట్రికస్, జర్మనీలో పీటర్ బేయర్ చేసిన ఈ కృషి 2000లో ప్రకటితమైనది. డాఫడిల్ అను పూలమొక్కనుండియు, ఒక బాక్టీరియానుండియు తెచ్చిన జన్యువులు గింజకు పసుపువన్నె నిచ్చినవి.

శాస్త్రవిజయముగా ఇది గొప్పదే. ఆహారముగా దాని విలువను మాత్రము లెక్కవేసి చూడవలెను. ఆ తొలి బియ్యములో గ్రాముకు 1.6 మైక్రోగ్రాముల కెరోటిన్ మాత్రమే ఉండెను. రోజుకు 150 గ్రాములు తిను పిల్లవానికి లభించునది 240 మైక్రోగ్రాములు. నాలుగు పాళ్ళ కెరోటిన్ ఒక పాలు విటమిను అగునని ఉదారముగా లెక్కించినను వచ్చునది 60. కావలసినది సుమారు 400. అయినను అదే సంవత్సరము అమెరికాలోని టైమ్ వారపత్రిక, ఈ బియ్యము ఏటా పది లక్షలమంది పిల్లలను కాపాడగలదని ముఖపత్రముపైననే చాటెను.

2005లో డాఫడిల్ జన్యువునకు బదులు మొక్కజొన్న జన్యువును చేర్చగా కెరోటిన్ గ్రాముకు 37 మైక్రోగ్రాములవరకు పెరిగెను. లెక్క ఇప్పుడు అనుకూలమే. కాని అది గరిష్ఠమైన అంకె. తరువాత అనుమతి పొందిన రకములో అది చాల తక్కువ. నిలువ ఉంచిన కొలది ఇంకను తగ్గును.

మరియొక పరీక్ష పొలములో ఎదురైనది. మారుటేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వరి రైతులకు సుపరిచితము. ఢిల్లీ శాస్త్రజ్ఞులు జి.ఆర్.2-ఆర్.1 అను బంగారు బియ్యపు వరుసతో దానిని సంకరపరచగా మొక్కలు పొట్టివై, ఆకులు పాలిపోయి, దిగుబడి మిక్కిలి పడిపోయెను. చేర్చిన జన్యువులు వరియొక్క సొంత జన్యువు నడుమ చేరి దాని పనిని చెడగొట్టినవని 2017లో తెలిపిరి. జి.ఆర్.2-ఇ అను వేరొక వరుసలో ఈ దోషము కనబడలేదు. అనగా లోపము పద్ధతి అంతటిది కాదు. జన్యువు చేరిన చోటిది.

వ్యతిరేకులును నిర్దోషులు కారు. 2013లో ఫిలిప్పీన్సులో పరీక్షాక్షేత్రమును ధ్వంసము చేసిరి. పరీక్షను చెరపుట సందేహమునకు సమాధానము కాదు. ఆ దేశము 2021లో సాగునకు అనుమతించెను. 2024లో న్యాయస్థానము దానిని నిలిపివేసెను.

మునగాకు, తోటకూర, బొప్పాయి దొరకు ఇంట ఈ బియ్యము అవసరము స్వల్పము. అవి అందని ఇంట ఇది తోడ్పడవచ్చును. అయితే గింజ వన్నెనుబట్టి గాక, వండిన అన్నములో మిగులు కెరోటిన్‌ను, రైతుకు దక్కు దిగుబడిని కొలిచియే దాని వాసిని నిర్ణయింపవలెను.