వేలి పక్కన ఒక చుక్క

2020 లాక్‌డౌన్‌లో నెల్లిమర్ల వీధుల్లో మాస్కు కట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఏఎన్ఎమ్మలను, ఆశమ్మలను తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బస్సుల్లేవు, ఆసుపత్రి పేరెత్తితే భయం. షుగరుకు మాత్రం సెలవు లేదు. జూట్ మిల్లు పనితో కాయలు కాచిన పెద్దాయన చెయ్యి పట్టుకుని, “ఏటీ అవదు మావయ్యా, సీమ కుట్టినట్టుంటాది” అంటుంది ఏఎన్ఎమ్మ. స్పిరిట్ దూదితో తుడిచి, తడి ఆరేదాకా ఆగుతుంది. వేలి మొనకు కాదు, పక్కకు గుచ్చుతుంది. అక్కడ నొప్పి తక్కువ. మొదటి చుక్క తుడిచేసి, రెండోదానికి స్ట్రిప్ అంచు తాకిస్తుంది. క్షణాల్లో అంకె పడుతుంది. అంతటితో లేవదు. కాలివేళ్ల సందులు చూస్తుంది, ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెడుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసా తడవకుండా కవర్లో చుట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన కుండలో దాచమంటుంది. ఆ ఏడాది జూలై 1న ఊరూరికీ వైద్యం, మందులు తెచ్చే కొత్త 104 బండ్లు బయల్దేరాయి. ఆ బండి ఊరికొచ్చిన రోజున ఎవరికి ఏ మందు కావాలో ఆమెకు నోటికొచ్చు. ఆ చిన్న చుక్కలో ఆమె చూసింది అంకెను మాత్రమే కాదు, ఒక ఇంటి రేపటిని.