తీజ్ బుట్టలో మొలక: అంతశ్చేతన, మన రచన

రాయడానికి ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? "పుట్టుకతో ప్రతిభ ఉన్నవాళ్లకే తోస్తుంది" అని తేల్చేస్తే మన తండాల పిల్లలకు తలుపు మూసినట్టే. అది నిజం కూడా కాదు.

మనకు తెలియకుండా లోపల పనిచేసే మనసును అంతశ్చేతన అంటున్నాం. ఫ్రెంచి గణితవేత్త పాయింకేర్ తన అనుభవం 1908లో చెప్పాడు. ఒక లెక్క మీద చాలా రోజులు కష్టపడ్డాడు. తర్వాత దాన్ని మరిచి ప్రయాణం పోయాడు. బండి మెట్టు మీద కాలు పెట్టగానే జవాబు తోచింది. ఇంటికొచ్చి సరిచూసుకున్నాడు. 1926లో గ్రాహం వాలస్ ఈ క్రమాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: సిద్ధపడడం, లోపల నానడం, తోచడం, సరిచూడడం.

సుగాలీలకు ఇది తెలియని సంగతి కాదు. తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలిచిందా లేదా అని ఎవరూ గింజను తవ్వి చూడరు. అలాగని గింజ వేయని బుట్టలో మొలకా రాదు. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మన బుట్టలో ఏ గింజలున్నాయి?

అనంతపురం యువకులు రాసే కథల్లో ఒక పోలిక కనిపిస్తుంది. బోరు ఎండుతుంది, శెనక్కాయ పంట పోతుంది, అప్పు పెరుగుతుంది, నాయన బెంగుళూరు పోతాడు. ఇదంతా నిజమే. కానీ వరస మాత్రం అరువు తెచ్చుకున్నది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' కాలం నుంచి ఈ సీమలో కరువు మీద ఎంతో సాహిత్యం వచ్చింది. దాన్ని చదివిన మనసు మొదట దాన్నే అందిస్తుంది. అది చదువు నుంచి వచ్చిన జ్ఞాపకం. మన సొంత జ్ఞాపకం ఇంకా అడుగున ఉంటుంది.

కొన్నాళ్లు ఆగితే అదీ పైకి వస్తుంది. బెంగుళూరులో కట్టడం పనికి పోయేముందు అమ్మ తన అద్దాల ఫేటియాను మడిచి పెట్టెలో పెట్టి, చీర కట్టుకుందనుకోండి. కరువు అనే మాట లేకుండానే కరువు మొత్తం ఆ పెట్టెలో ఉంది. అలాంటిది తోచినప్పుడు "ఇది కథా?" అని కొట్టేసేది మన పైమనసే.

పైమనసు కొట్టేసే ఇంకొకటి భాష. మన చిన్నతనం గోర్ బోలీలో గడిచింది. ఎరుకల ఇంట్లో అయితే కుర్రు భాషలో. లోపలి గింజలు ఆ మాటల్లోనే ఉన్నాయి. రమేశ్ కార్తీక్ నాయక్ తన కవితా సంపుటికి 'బల్దేర్ బండి' అనీ, కథల పుస్తకానికి 'ఢావ్లో' అనీ తండా మాటలనే పేర్లుగా పెట్టాడు. ఆ 'ఢావ్లో'కే 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మన మాట రచనకు అడ్డం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే తోచిందల్లా సాహిత్యం కాదు. నవీన్ 'అంపశయ్య' (1969) ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజు సాగిన ఆలోచనల నవల. చదివితే ఆలోచనలు వాటంతటవే పారినట్టుంటాయి. కానీ ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది రచయిత మెలకువతో చేసిన పని. అంతశ్చేతన ముడిసరుకు ఇస్తుంది. తిరగరాసే బాధ్యత మనదే.

ఉపాధ్యాయులకు ఒక మాట. "కరువు మీద వ్యాసం, నలభై నిమిషాలు" అంటే పిల్లలు పాఠంలో ఉన్నదే తిరిగి రాస్తారు. విషయం చెప్పి వారం ఆగండి. ఈలోగా ఇంట్లో అవ్వ చెప్పింది విని రమ్మనండి. మొదటి ప్రతిని తెలుగు లిపిలో, తమ భాషలోనే రాయనివ్వండి. తర్వాత తెలుగు చేయించి, దిద్దండి.

ఐదారేళ్లకే హాస్టలుకు పోయిన బిడ్డ అక్కడ సొంత మాటకు సిగ్గుపడడం నేర్చుకుంటే, అవ్వ పాట ఆ బిడ్డ దగ్గరికి చేరదు. పదేళ్ల తర్వాత "ఏమీ తోచడం లేదు" అంటే అది ఆ బిడ్డ చేతకానితనం కాదు. గింజ వేసే కాలంలో బుట్ట ఖాళీగా ఉంచింది మనం.