చర్మం కోసం కాల్చే బాతు

వరికోతలు కాగానే నిడదవోలు చుట్టుపక్కల చేలలోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుంటూ పొద్దస్తమానం నడుస్తాయి. ఆ నడకకే వాటి మాంసం గట్టిపడుతుంది. అందుకే మనం బాతుకు మసాలా దట్టించి, సన్నసెగ మీద చాలాసేపు ఉడికిస్తాం. అదే బాతును బీజింగ్ వంటవాడి చేతికిస్తే పెదవి విరుస్తాడు. అతనికి ముందు కావలసింది చర్మం, దాని కింద కొవ్వు.

అతను చేసే పీకింగ్ డక్‌కి తెల్లటి పెకిన్ జాతి బాతును వాడతారు. పాతపద్ధతిలో దాన్ని సుమారు రెండు నెలలు పెంచి, చివరి రోజుల్లో గొంతులోకి మేత కూరి కొవ్వు పట్టిస్తారు. ఆ కూరడం నాకు మింగుడుపడదు. ఆ మాట దాచిపెట్టి ఈ వంటను మెచ్చుకోలేను. మెచ్చుకోవలసిన పనితనం ఆ తర్వాత మొదలవుతుంది.

మెడ దగ్గర గాలి ఊదితే చర్మం మాంసాన్ని వదిలి ఉబ్బుతుంది. పొట్ట చీల్చకుండా, రెక్క కింద చిన్న గాటు పెట్టి లోపలివన్నీ తీసేస్తారు. చర్మం ఎక్కడ చిరిగినా పని చెడినట్టే. సలసల కాగే నీళ్లు పోసి దాన్ని బిగిస్తారు; మాల్ట్ పాకం పూసి, గాలి తగిలేచోట వేలాడదీసి గలగలమనేలా ఆరబెడతారు. మన డెల్టా ఉక్కపోతలో ఇది ఆరుబయట జరిగే పని కాదు, చల్లటి గది ఉండాల్సిందే. కాల్చేముందు పొట్టలో నీళ్లు నింపుతారు. పైన చర్మం సెగకి కాలుతుంటే, లోపల మాంసం ఆవిరికి ఉడుకుతుంది.

పొయ్యిలు రెండు రకాలు. బీజింగ్‌లోని బియన్‌యిఫాంగ్ హోటల్ సంప్రదాయంలో ముందు గోడలు కాల్చి, మంట ఆర్పి, తలుపు మూసి ఆ వేడికే మగ్గనిస్తారు. 1864లో మొదలైన చువాన్‌జుడే హోటల్, తలుపు లేని పొయ్యిలో పండ్లచెట్ల కట్టెల మంట పక్కన బాతును వేలాడదీస్తుంది. రెండోదే లోకమంతా పాకింది.

నిడదవోలులో చైనీస్ అంటే నూడుల్స్, మంచూరియా. ఈ బాతు తినాలంటే పెద్ద నగరానికో, సింగపూర్‌కో వెళ్లాలి. చాలాచోట్ల ముందురోజే చెప్పాలి. చెప్పగానే వండి తెచ్చేస్తామన్నవాళ్ల దగ్గర ఆరబెట్టడం సరిగా జరిగిందా అని నేనైతే అనుమానిస్తాను.

బల్ల దగ్గరే కోయించుకోండి. రొమ్ము మీది చర్మం ముక్కను వేడిగా ఉండగానే పంచదారలో అద్ది తినాలి. ఆత్రేయపురం పూతరేకులా పళ్లకింద చిట్లి, కరిగిపోతుంది. తర్వాత పలచటి గోధుమ రొట్టెకు తియ్యటి పిండి సాస్ రాసి, చర్మం అంటిన మాంసం ముక్కలు, ఉల్లికాడలు, కీరదోస పెట్టి చుట్టుకోవాలి. కొవ్వు బరువును ఉల్లికాడ ఘాటు తేలికచేస్తుంది. సాస్ ఎక్కువైతే మాత్రం ఇంత శ్రమా దాని కింద మునిగిపోతుంది. మిగిలిన ఎముకలతో సూప్ కాచి ఇస్తారు, అడగడం మరచిపోవద్దు.