ముద్దుపేరు ఎవరికి ముద్దు?

ఉద్దేశం: ఈ భాగం చదివాక మీరు ఒక పిలుపును కూడా విమర్శ దృష్టితో పరిశీలించగలుగుతారు. ఆట, సినిమా, ఒంటి రంగు మన మాటల్లో ఎలా కలుస్తాయో వివరించగలుగుతారు.

1. పిలుపూ ఒక పాఠమే

విద్యార్థులారా! విమర్శ అనగానే కావ్యం, కథ, నవల గుర్తుకొస్తాయి. రోజూ వాడే పిలుపుకు కూడా వక్త, శ్రోత, సందర్భం ఉంటాయి. తిరుపతిలో అలిపిరి మెట్లెక్కే కుర్రాళ్ల పక్కన కాసేపు నడవండి. గోవింద నామాల మధ్య క్రికెట్ కబుర్లు, సినిమా డైలాగులు వినిపిస్తాయి. వెనకబడిన స్నేహితుణ్ణి "ఒరే నల్లోడా, బిన్నా రారా!" అని కేకేస్తారు. అతడూ నవ్వుతాడు. ఆ నవ్వును అంగీకారంగా తీసుకోవచ్చా? ఈ పాఠంలోని ప్రశ్న ఇదే.

2. రెండు రకాల పిలుపులు

వెస్టిండీస్‌కు 2012, 2016లలో టి20 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ డారెన్ సామీ ఒకప్పుడు సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. అక్కడ తననూ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ 'కాలూ' అనేవారని 2020 జూన్‌లో చెప్పాడు. ఆ మాటకు బలమైన గుర్రమని అర్థం అనుకున్నాడట. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఒక కార్యక్రమం చూస్తుంటే అసలు అర్థం తెలిసింది: నల్లోడు. కోపం వచ్చింది. తర్వాత ఒక సహచరుడు అది ప్రేమతో అన్నదేనని చెబితే, నమ్ముతున్నానని సామీ ప్రకటించాడు.

అదే జట్టుకు ఆడిన న్యూజిలాండ్ ఆటగాడు కేన్ విలియమ్సన్‌ను హైదరాబాద్ అభిమానులు 'కేన్ మామ' అన్నారు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఒకటి డ్రెస్సింగ్ రూమ్ మాట, ఇంకొకటి అభిమానుల మాట. వీటిని పక్కపక్కన పెట్టి తెలుగువారందరి మీదా తీర్పు చెప్పకూడదు. పిలుపుల స్వభావాన్ని మాత్రం పోల్చవచ్చు. 'మామా' అన్నవాడు ఆ క్షణానే అల్లుడవుతాడు, తానూ వరసలోకి వస్తాడు. 'కాలూ' అన్నవాడు ఏమీ కాడు. ఎదుటివాడి చర్మాన్ని చూపి తాను బయటే ఉండిపోతాడు.

3. తెరమీది నలుపు

అలిపిరి పైనున్న శేషాచలం అడవుల్లోని ఎర్రచందనం దొంగరవాణా కథగా 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. సుకుమార్ దర్శకత్వంలో అల్లు అర్జున్ చిత్తూరు యాసలో మాట్లాడాడు. కూలివాడిగా కనిపించడానికి మేకప్‌తో రంగు తగ్గించుకున్నాడు. యాసకు ఈ సినిమా ఇచ్చిన గౌరవాన్ని మెచ్చుకోవాలి. అయితే శ్రమకూ నలుపుకూ మన మనసుల్లో ఉన్న ముడిని అది విప్పలేదు, వాడుకుంది. సన్‌రైజర్స్ మాజీ కెప్టెన్ డేవిడ్ వార్నర్ కూడా పుష్ప హావభావాలను అనుకరిస్తూ వీడియోలు చేసి మనల్ని మురిపించాడు. తెరమీది నలుపు సాయంత్రానికి కడుక్కుంటే పోతుంది. సామీకి ఆ వీలు లేదు.

4. సిడ్నీ అద్దం

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో ప్రేక్షకులు దూషించారని హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ అంపైర్లకు చెప్పాడు. ఆట కాసేపు ఆగింది. భారత ఆటగాళ్లు జాతి దూషణకు గురయ్యారని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ ధ్రువీకరించింది. అప్పుడు మనకు కోపం వచ్చింది, రావలసిందే. సామీ బాధ బయటపడి అప్పటికి ఏడు నెలలే. ఆనాడు మనలో ఎంతమందిమి "ప్రేమతో అన్నదేగా" అని సరిపెట్టుకున్నాం? సిడ్నీది తిట్టు, హైదరాబాద్‌ది ముద్దుపేరు అనే తేడా నిజమే. విన్నవాడి వైపు నిలబడి చూస్తే ఆ తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు.

5. సారాంశం

కృష్ణుణ్ణి 'నల్లనయ్య' అని లాలించిన భాష మనది. కాబట్టి దోషం నలుపు అనే మాటలో లేదు. పిలుపును తూచేటప్పుడు పిలిచినవాడి ప్రేమ ఒక్కటే చాలదు. దాని అర్థం విన్నవాడికి తెలుసా? వద్దనే వీలు అతనికి ఉందా? సామీ విషయంలో మొదటిదే లేదు. అలిపిరి మెట్లమీది కుర్రాడికి అర్థం తెలుసు, కానీ వద్దంటే గుంపులో చోటు పోతుందేమోనని నవ్వుతుండవచ్చు. ఈసారి అతణ్ణి పేరు పెట్టి పిలిచి చూడండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. వరస పిలుపుకూ రంగు పిలుపుకూ గల భేదాన్ని సోదాహరణంగా రాయండి.
2. మీ ఊళ్లో వాడే ఒక ముద్దుపేరును తీసుకుని, పై రెండు ప్రశ్నలతో విమర్శించండి.