దేవుడు అడగని పాట

పదహారో శతాబ్దపు క్రైస్తవ సంస్కర్తల్లో సంగీతం బాగా తెలిసినవాడెవరంటే చాలామంది లూథర్ పేరు చెబుతారు. ఆయన ల్యూట్ వాయించేవాడు, పాటలు కట్టాడు, నిజమే. కానీ వాద్యాల మీద అంతకంటే చెయ్యి తిరిగినవాడు జూరిచ్ బోధకుడు జ్వింగ్లీ. ల్యూటు, హార్పు, వయోలు, పిల్లనగ్రోవి, ఏది ఇచ్చినా పలికించేవాడు. 1519లో ప్లేగు సోకి చావు తప్పించుకున్నాక ఆ అనుభవం మీద పాట కూడా రాసుకున్నాడు. చర్చిలో పాట ఆపించింది ఈ మనిషే. 1524లో జూరిచ్ చర్చిల నుంచి బొమ్మలు, పటాలు దింపేశారు. ఆర్గాన్లు మూగబోయాయి. 1527లో గ్రోస్‌మున్‌స్టర్ చర్చి ఆర్గాన్‌ను ధ్వంసం చేశారు. 1598 దాకా ఆ ఊరి ఆరాధనలో సంఘం గొంతెత్తి పాడలేదు.

అదే 1524లో లూథర్ పక్షం మొదటి పాటల పుస్తకాలు అచ్చేసింది. తొలి పుస్తకంలో ఉన్నవి ఎనిమిదే పాటలు. ఏడాది తిరక్కముందే ఇంకా పెద్దవి వచ్చాయి. ఇద్దరూ ఒకే బైబిలు చదివారు, ఒకే పోపును ఎదిరించారు. ఒకరు పాటను దేవుడిచ్చిన వరమని జనం నోట పెడితే, మరొకరు అదే పాటను దేవుడు అడగలేదని పక్కన పెట్టారు. సంగీతం మీద ద్వేషంతో జ్వింగ్లీ ఆ పని చేశాడని ఎవరూ అనలేరు. తనకు ఎంతో ఇష్టమైనది కాబట్టే, అది దేవుడికీ ఇష్టమేనని అనుకోవడానికి ఆయన భయపడ్డాడేమోనని నాకనిపిస్తుంది.

దేవుడికి అంగీకారమైన ఆరాధన ఏది అన్న ప్రశ్నకు ప్రొటెస్టెంట్ ప్రపంచం ఇచ్చిన రెండు జవాబులు ఈ రెండు ఊళ్ల నుంచే బయలుదేరాయి. లేఖనం కాదననిదంతా చేయవచ్చు, విశ్వాసానికి అడ్డు రాకుంటే చాలు అన్నది లూథర్ ఊరైన విట్టెన్‌బర్గ్ దారి. లేఖనం చెయ్యమన్నదే చేయాలి, చెప్పనిదాన్ని దేవుడి ముందుకు తేకూడదు అన్నది జూరిచ్‌లో మొదలై, జెనీవాలో నిలదొక్కుకుని, 1640ల్లో వెస్ట్‌మిన్‌స్టర్ సభ చేతిలో సూత్రంగా బిగిసిన దారి.

మొదటి దారి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరినప్పటి నుంచి లూథరన్ల ఆరాధన క్రమం, బలిపీఠం మీది కొవ్వొత్తులు, పాస్టరుగారి అంగీ మన కళ్లకు అలవాటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి పాటల్ని ఏ మిషన్ వారైనా తమవిగానే పాడుకుంటారు. హార్మనీ పెట్టె, తబలా చర్చిలోకి వచ్చేటప్పుడు, వీటికి బైబిల్లో ఆజ్ఞ ఎక్కడుందని మనలో ఎందరు అడిగారు? కాగా రెండో దారి మనకు పెద్దగా తెలియదు. దాని పోలిక కావాలంటే గోదావరి డెల్టా వైపు చూడాలి. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం చుట్టుపక్కల నాటిన బ్రదరెన్ సహవాసాల్లో ప్రార్థన పుస్తకం లేదు, అంగీ లేదు, రొట్టె విరిచే కూడికలో పాస్టరనే పదవే లేదు. జెనీవాతో వీరికి నేరుగా వంశ సంబంధం లేకున్నా, కొత్త నిబంధనలో కనిపించనిదాన్ని పక్కన పెట్టే తత్వం మాత్రం దాయాదులదే.

రెండో దారివారు ఎప్పుడూ చూపించే కథ లేవీయకాండం పదో అధ్యాయంలోది. అహరోను కొడుకులు నాదాబు, అబీహు అప్పుడప్పుడే అభిషేకం పొందిన యాజకులు. ధూపార్తులు తీసుకుని, దేవుడు చెప్పని నిప్పుతో ధూపం వేశారు. దేవుడి దగ్గర నుంచి మంట వచ్చి ఇద్దర్నీ దహించింది. వాళ్లు వేరే దేవుణ్ణి కొలవలేదు, దొంగతనం చేయలేదు. ఉత్సాహం కొద్దీ చేసి ఉండవచ్చు. ఆ ఉత్సాహం దగ్గరే ప్రమాదముంది అంటాడు జెనీవా సంస్కర్త కాల్విన్. మనిషి మనసు విగ్రహాలు తయారుచేసే కర్మాగారమన్నది ఆయన ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆరాధనలో మనం కొత్తగా కల్పించేది ఎంత అందంగా ఉంటే అంత అనుమానించాలన్నది దాని పర్యవసానం.

ఇక్కడ తెలుగువాడికి తిన్నడు గుర్తు రాకుండా ఉండడు. ఎంగిలి మాంసం, పుక్కిటి నీళ్లు శ్రీకాళహస్తిలో శివుడికి చెల్లాయి కదా, సీనాయి కొండ దగ్గర ధూపం ఎందుకు చెల్లలేదు? పోలిక ఊరిస్తుంది గాని ఎక్కువ దూరం రాదు. తిన్నడు శాస్త్రం తెలియని బోయ. నాదాబు వారంపాటు గుడారం గుమ్మం దగ్గరే ఉండి, విధులన్నీ విని, అభిషేకం పొందినవాడు. ఒకరిది తెలియకపోవడం, ఇంకొకరిది తెలిసీ దాటడం. తిన్నడి కథను వాదంగా వాడదలిస్తే లూథర్ కూడా ఒప్పుకోడు. మనసు మంచిదైతే ఏం చేసినా సరేనని ఆయన ఏనాడూ అనలేదు.

లూథర్ భయం వేరు. 1522 మార్చిలో వార్ట్‌బర్గ్ కోట నుంచి తిరిగొచ్చేసరికి విట్టెన్‌బర్గ్‌లో సాటి సంస్కర్త కార్ల్‌స్టాట్ ఆధ్వర్యంలో బొమ్మలు తీసేయడం, పూజావిధులు మార్చడం జోరుగా సాగుతోంది. లూథర్ వరసగా ఎనిమిది రోజులు ప్రసంగించి దాన్ని ఆపాడు. ఆ మార్పుల్లో చాలావాటిని తర్వాత ఆయనే చేశాడు. ఆయన కోపం మార్పు మీద కాదు, ఈ మార్పు చేయకుంటే పాపమని బలహీనుల మెడకు చట్టం బిగించడం మీద. రొట్టెను పైకెత్తి చూపే ఆచారాన్ని ఆయన చర్చి 1542 దాకా ఉంచుకుంది. అందులో కార్ల్‌స్టాట్ మీది పంతం కూడా కొంత ఉందని లూథరే దాచుకోలేదు. (మహాత్ముల సిద్ధాంతాల్లో పంతానికి ఎంత వాటా ఉంటుందో ఎవరైనా తీరిగ్గా రాయాలి.) 1526లో జర్మన్ ఆరాధన క్రమం అచ్చువేస్తూ, దీన్ని శాసనం చేయవద్దని ముందుమాటలోనే వేడుకున్నాడు.

జెనీవా పట్టు ఆజ్ఞ మీద ఉంటే విట్టెన్‌బర్గ్ పట్టు విశ్వాసం మీద ఉంది. 1543లో చక్రవర్తి ఐదో చార్లెస్‌నుద్దేశించి కాల్విన్ రాసిన గ్రంథంలో క్రైస్తవానికి మూలమైన విషయాలు రెండు చెబుతూ ఆరాధనను మొదట, రక్షణను తర్వాత ఉంచాడు. లూథర్ చేతిలో ఆ వరస తిరగబడుతుంది. మనిషి దేవుడికి ఏదో సమర్పించి మెప్పు పొందుతాడన్న ఊహే ఆయనకు గిట్టదు. ఆరాధనలో ముందు ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాడు మనిషి. అయినా కాస్త ఆగి చూస్తే ఇద్దరూ తరుముతున్నది ఒకే దొంగను. మనిషి సొంతంగా ఒకటి తయారుచేసి, దాన్ని దేవుడి ముందు పెట్టి, పుణ్యంగా లెక్కరాసుకోవడం ఇద్దరికీ సరిపడదు. ఒకరు ఆ దొంగను పూజాద్రవ్యాల్లో వెతికితే, మరొకరు అంతరాత్మలో వెతికారు.

జెనీవా నియమాన్ని సంకెల అనుకోవడం మనకు తేలిక. లోపలి నుంచి చూస్తే అది సామాన్య విశ్వాసికి రక్షణ. లేఖనంలో లేనిది చేయించే అధికారం రాజుకు లేదు, బిషప్పుకు లేదు. 1637 జులైలో ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో రాజు పంపిన ప్రార్థన పుస్తకం తెరవగానే జనం తిరగబడ్డారు. జెనీ గెడెస్ అనే బజారు ఆవిడ స్టూలు విసిరిందని చెప్పుకుంటారు. ఆ స్టూలు వెనక జెనీవా నియమం ఉంది. కాకపోతే ఆ నియమానికి తనదైన చిక్కు ఉంది. ఏ గంటకు కూడాలి, బెంచీలు వేయాలా వద్దా అన్నవి లేఖనం చెప్పదు. అవి కేవలం పరిస్థితులనీ ఇంగితంతో తేల్చుకోవచ్చుననీ వెస్ట్‌మిన్‌స్టర్ సభ తలుపు కొంచెం తెరిచింది. మరి శ్రుతికోసం ఒక వాద్యం పరిస్థితి కిందికి వస్తుందా, ఆరాధనలో భాగమవుతుందా? స్కాట్లాండ్‌లో ఈ తగువు శతాబ్దాలు నడిచింది. బైబిల్లోని కీర్తనలు తప్ప పాడని ఫ్రీ చర్చి 2010లో గాని ఇతర పాటలకూ వాద్యాలకూ దారి ఇవ్వలేదు.

అలాగే విట్టెన్‌బర్గ్ స్వేచ్ఛ కూడా ఒక మలుపులో గట్టిపడింది. 1548లో చక్రవర్తి ఒత్తిడితో పాత అంగీలు, ఆచారాలు తిరిగి తెచ్చుకోవలసి వస్తే, అవి ఎలాగూ పట్టింపు లేనివే కదా అని లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ సర్దుకున్నాడు. మరో లూథరన్ పండితుడు ఫ్లాసియస్ ఒప్పుకోలేదు. విశ్వాసాన్ని ఒప్పుకోవలసిన సమయంలో బెదిరింపుతో తొడిగించిన అంగీ ఇక పట్టింపు లేనిది కాదన్నాడు. 1577 నాటి లూథరన్ ఒప్పుకోలు పత్రం ఆయన మాటనే బలపరిచింది. అంటే స్వేచ్ఛను కాపాడడానికి లూథరన్లూ ఒకచోట వద్దు అనక తప్పలేదు. మెడ మీద కత్తి పెట్టి చేయించే పూజ వద్దన్న విషయంలో ఎడిన్‌బరో ఆవిడా, ఫ్లాసియసూ పక్కపక్కనే నిలబడతారు.

ఈ రెండు ఇళ్లలోనూ కాపురం చేసిన సంగీతకారుడు బాక్. 1717 నుంచి 1723 దాకా ఆయన కోటెన్‌లో కాల్విన్ పక్షపు రాజు లియోపోల్డ్ కొలువులో ఉన్నాడు. రాజుకు సంగీతమంటే ప్రాణం, కానీ రాజు చర్చిలో దానికి పెద్దగా చోటు లేదు. అందుకే బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోల వంటి వాద్య సంగీతం ఆ రోజుల్లో అంతగా పండింది. తర్వాత లూథరన్ లైప్‌జిగ్ వెళ్లాక వారంవారం ఆరాధనకు కాంటాటాలు, మత్తయి సువార్త పాషన్ వచ్చాయి. లైప్‌జిగ్ మనకేమిచ్చిందో అందరూ చెబుతారు. కోటెన్ చర్చి కాదనబట్టి మనకు దక్కినదేమిటో కూడా చెప్పుకోవాలి. జెనీవాకు పాట లేదనుకోవడమూ పొరపాటే. 1562 నాటికి నూట యాభై కీర్తనలూ ఫ్రెంచి పద్యాలై, బాణీలతో, జనం నాలుక మీదికొచ్చాయి. ఆ బాణీల్లో అనుమతి లేకుండా మార్పులు చేశాడని లూయీ బూర్జువా అనే సంగీతకారుణ్ణి 1551లో జైల్లో పెట్టారు. ఆయన్ను విడిపించడానికి పూనుకున్నది కాల్వినే.

మళ్లీ నాదాబు కథకు వస్తాను. ఆ అధ్యాయాన్ని ఇరుపక్షాలవారూ మొదటి వచనాల దగ్గరే వదిలేస్తారు, కానీ దాని చివర అదే రోజు జరిగిన ఇంకో సంగతుంది. మిగిలిన కొడుకులు పాపపరిహార బలి మాంసాన్ని తినాలి. ఆజ్ఞ స్పష్టంగా ఉంది. వాళ్లు తినకుండా కాల్చేశారు. మోషే మండిపడ్డాడు. అహరోను బదులిచ్చాడు: ఇవాళ నాకు ఇంత జరిగింది, ఈ రోజు నేను అది తిని ఉంటే దేవుడికి నచ్చేదా? మోషే ఆ జవాబుకు సమ్మతించాడు. ఆజ్ఞ దాటినందుకు ఇద్దరు చచ్చిన అధ్యాయంలోనే ఆజ్ఞ తప్పిన ఇంకో ఇద్దరికి ఏమీ కాలేదు. హిజ్కియా రాజు పస్కా పండుగలోనూ ఇంతే. ఉత్తరాది గోత్రాల నుంచి వచ్చినవారిలో చాలామంది శుద్ధి కాకుండానే తిన్నారు, రాసి ఉన్న విధికి విరుద్ధంగా. రాజు వాళ్ల కోసం వేడుకున్నాడు, దేవుడు విన్నాడు. దీన్నిబట్టి విధి అక్కర్లేదనలేం. రాజు వేడుకోవలసి రావడమే విధి ఉందనడానికి సాక్ష్యం. అహరోను కూడా తనకేది ఇష్టమని అడగలేదు, దేవుడికి ఏది నచ్చుతుందని అడిగాడు. నిప్పు తెచ్చిన కొడుకులు అడగని ప్రశ్న అది.

జూరిచ్‌లో జ్వింగ్లీ తెచ్చుకున్న సాక్షుల్లో ఆమోసు ఒకడు. పాటల రొద నా ముందు వద్దని దేవుడు కసిరినట్టు ఆమోసు చెప్పాడు కాబట్టి పాట వద్దన్నాడు జ్వింగ్లీ. ఆయనంటే గౌరవముంచుకునే చెబుతున్నాను, ఆమోసును ఆయన సగమే విన్నాడు. ఆ ప్రవక్త కాదన్న పండుగలు, బలులు మనుషులు కల్పించినవి కావు, ధర్మశాస్త్రంలో ఉన్నవే. బీదవాడిని తొక్కిన చేతులతో తెచ్చారని దేవుడు వాటిని తోసేశాడు. కొరింథులో పౌలు చూసింది కూడా అదే. ఉన్నవాళ్లు ముందే తిని తాగి, లేనివాళ్లు ఆకలితో మిగిలితే అది ప్రభువు భోజనమే కాదన్నాడు. అక్కడ తప్పు రొట్టెలో లేదు, క్రమంలో లేదు.

ఈ విషయంలో రెండు ఊళ్లూ చాలా దగ్గరికొస్తాయి. జెనీవాలో ప్రభువు భోజన సంస్కారం ఏటా నాలుగుసార్లు. దానికి ముందు పోట్లాడుకున్నవాళ్లను చర్చి పెద్దల సభ అయిన కన్సిస్టరీ పిలిపించి రాజీ చేసేది, కాదన్నవాణ్ణి బల్ల దగ్గరికి రానిచ్చేది కాదు. విట్టెన్‌బర్గ్‌లో కూడా సంస్కారం పుచ్చుకోదలచినవారు పాస్టరుకు ముందే చెప్పాలి. వారి విశ్వాసాన్నీ నడవడినీ ఆయన విచారించేవాడు. ఈ విచారణ మన ఊళ్లకు ఎంతవరకు వచ్చిందన్నది వేరే కథ. గుంటూరు లూథరన్లలో మాలలు, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఒకే ఊళ్లో రెండు పల్లెలకు రెండు చర్చిలుంటే, ఎవరి బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చన్నది కొవ్వొత్తి, అంగీ, తబలా కంటే ముందు తేలవలసిన ఆరాధన ప్రశ్న. ఆజ్ఞ కోసం వెతికే దారికీ, నిషేధం కోసం వెతికే దారికీ ఇక్కడ దొరికేది కొరింథువారికి పౌలు రాసిన ఉత్తరమే.

1529 అక్టోబర్‌లో లూథర్, జ్వింగ్లీ మార్బర్గ్ కోటలో ముఖాముఖి కూర్చున్నారు. రాసుకున్న అంశాలు పదిహేను. పదమూడోది మనుషులు పెట్టిన ఆచారాల గురించి: దేవుడి మాటకు బాహాటంగా విరుద్ధం కానంత వరకు, జనం అవసరాన్ని బట్టి, బలహీనుల్ని నొప్పించకుండా, వాటిని ఉంచుకోవచ్చు, తీసేయవచ్చు. గ్రోస్‌మున్‌స్టర్ ఆర్గాన్ ధ్వంసమై అప్పటికి రెండేళ్లు. ఆ అంశాల కింద లూథర్ సంతకం పెట్టాడు, జ్వింగ్లీ కూడా పెట్టాడు. వాళ్లు విడిపోయింది పదిహేనో అంశం మీద, రొట్టెలో ద్రాక్షారసంలో క్రీస్తు శరీరం, రక్తం ఉన్నాయా లేవా అన్నదాని మీద.