బోనులు ఒడ్డెక్కాక వచ్చే జనం

కెనడా తూర్పు కొసన నోవాస్కోషియాలో పెగ్గీస్ కోవ్ అని ఒక చేపల పల్లె ఉంది. అక్కడ కాపురం ఉండేవాళ్లు నలభై మంది కూడా లేరు. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా లక్షల్లో ఉంటారు. హాలిఫాక్స్ నగరానికి 43 కిలోమీటర్ల దూరమే కాబట్టి అక్కడ చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన తెలుగువాళ్లు ఇంటి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్లే చోట్లలో ఇదొకటి.

వచ్చినవాళ్లు నేరుగా లైట్‌హౌస్ దగ్గరికి నడుస్తారు. నడవాల్సిందే, అంత అందమైనది. 1868లో ఇక్కడ వెలిగిన మొదటి దీపం ఒక చెక్క ఇంటి కప్పు మీద ఉండేది. ఇప్పుడున్న ఎనిమిది పలకల కాంక్రీటు బురుజు 1915లో కట్టింది. ఒళ్లంతా తెలుపు, నెత్తిన ఎరుపు. 1958 నుంచి దీపం తనంతట తానే వెలుగుతోంది, కాపలాదారు అక్కర్లేదు. చాలా ఏళ్లపాటు వేసవిలో దీని కింది అంతస్తులో పోస్టాఫీసు నడిచేది. ఇక్కడ వేసిన ఉత్తరం మీద లైట్‌హౌస్ బొమ్మతోనే ముద్ర పడేది. 2009లో దాన్ని మూసేశారు.

ఫొటోలయ్యాక జనం రేవు వైపు తిరుగుతారు. రంగురంగుల పడవలు, చెక్క పాకలు, వాటి పక్కన గుట్టలుగా పేర్చిన లాబ్‌స్టర్ బోనులు. వాటి ముందు మరికొన్ని ఫొటోలు. జూలైలోనో ఆగస్టులోనో వచ్చినవాళ్లకు ఆ బోనులు ఊరి అలంకారంలా కనిపిస్తాయి. అవి ఒడ్డున ఉన్నాయంటే వేట లేదని అర్థం. ఈ తీరంలో లాబ్‌స్టర్ వేట నవంబరు ఆఖరి సోమవారం మొదలై మే 31తో ముగుస్తుంది. అంటే జనం వచ్చే కాలం వేరు, పల్లె పని చేసే కాలం వేరు. లక్షల మంది చూసి వెళ్లేది సెలవులో ఉన్న ఊరిని.

చలికాలంలోనే వేట ఎందుకంటే, లాబ్‌స్టర్ వేసవిలో పాత గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల మెత్తగా ఉంటుంది, లోపల కండ పలచగా ఉంటుంది. చలి వచ్చేసరికి గుల్ల గట్టిపడి కండ నిండుతుంది. గుల్ల మార్చుకునే రోజుల్లో దాని జోలికి పోకూడదన్నది కట్టుబాటు. ఆ కట్టుబాటు వల్ల జాలర్లకు ఏడాదిలో కష్టమైన కాలమే మిగిలింది. నవంబరు చివర్లో ఆ సోమవారం తెల్లవారుజామున పడవలు బోనులను ఎత్తుగా పేర్చుకుని బయల్దేరతాయి. ఆ ప్రాంతపు రేవుల్లో ఇళ్లలోవాళ్లంతా చీకట్లోనే ఒడ్డుకు వచ్చి సాగనంపుతారు. గాలి ఎక్కువగా ఉంటే ప్రయాణం వాయిదా పడుతుంది. పడవ మీద అంత బరువుంటే సముద్రాన్ని నమ్మడానికి లేదు మరి.

బోను పనితనం దగ్గరగా చూడాలి. లోపల రెండు గదులు. మొదటి దాన్ని జాలర్లు వంటగది అంటారు. ఎర అందులో కడతారు, ఎక్కువగా మన కానాగంతల వంటి చేపలే. ఎర వాసనకు లాబ్‌స్టర్ వల గొట్టంలోంచి లోపలికి దూరుతుంది. తిన్నాక బయటికి పోబోయి రెండో గదిలోకి, వాళ్లు చావడి అనేదానిలోకి జారుతుంది. అక్కడి నుంచి తిరిగి రావడం దాని తరం కాదు. చిన్నవి తప్పించుకుపోవడానికి మాత్రం పక్కన ప్రత్యేకంగా సందు వదులుతారు. తాడు తెగి బోను అడుగునే ఉండిపోతే ఏళ్ల తరబడి ఊరికే పట్టి చంపకుండా, కొన్నాళ్లకు కుళ్లి ఊడిపోయే పలక ఒకటి పెడతారు. పట్టుకోవడానికి చేసిన సామానులోనే వదిలేయడానికి ఇంత ఏర్పాటు ఉండటం ఈ పల్లెలో లైట్‌హౌస్ కంటే గొప్ప విషయం.

బోను పైకి లాగాక ప్రతి లాబ్‌స్టర్‌నూ కొలతబద్దతో కొలుస్తారు. కంటి గుంట దగ్గర మొదలుపెట్టి వీపు చిప్ప చివరిదాకా 82.5 మిల్లీమీటర్లు ఉండాలి. వెంట్రుకవాసి తగ్గినా తిరిగి నీళ్లలోకే. గుడ్లతో ఉన్న ఆడదైతే ఎంత పెద్దదైనా వదిలేస్తారు. ఉంచుకున్నవాటి డెక్కలకు రబ్బరు బ్యాండ్లు తొడుగుతారు, లేకపోతే ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. మన తీరంలో దొరికే రకానికి ఆ డెక్కలే ఉండవు. గడ్డకట్టే గాలిలో, ఊగే పడవ మీద, తడిసిన చేతి తొడుగులతో ఈ పనంతా జరుగుతుంది. ఒక లైసెన్సుకు 250 బోనులు.

ఆ జాలర్ల చేతులు ఎలాంటివో ప్రపంచానికి ఒకసారి తెలిసింది. 1998 సెప్టెంబరు 2 రాత్రి న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్ఎయిర్ 111 విమానం ఈ తీరానికి దగ్గర్లో సముద్రంలో కూలింది. అందులోని 229 మందీ చనిపోయారు. చుట్టుపక్కల జాలర్లు ఎవరైనా బతికి ఉంటారేమోనని ఆ చీకట్లోనే పడవలు తీశారు. పల్లెకు దగ్గర్లో, సముద్రాన్ని చూస్తూ ఒక స్మారకం ఉంది. దారిలోనే ఉన్నా చాలామంది కార్లు అక్కడ ఆగవు. ఆగాలి.

పల్లెలోని గ్రానైటు బండ మీద ఇంకో స్మారకం ఉంది. ఫిన్లాండ్‌లో పుట్టి ఇక్కడ స్థిరపడిన చిత్రకారుడు విలియం డిగార్త్ డెబ్బయ్యో పడిలో ఉలి పట్టి, తన ఇంటి వెనక బండ మీద 32 మంది జాలర్లనూ వాళ్ల ఆలుబిడ్డలనూ చెక్కడం మొదలుపెట్టాడు. పొడవు సుమారు 30 మీటర్లు. పూర్తికాకుండానే 1983లో కన్నుమూశాడు. ఆ బండ మీద ఎక్కువ చోటు మనుషులదే.

అక్కడ లాబ్‌స్టర్‌కు ఉన్నట్టే మన తూర్పు తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. సరిగ్గా పిల్లల వేసవి సెలవుల్లో విశాఖ హార్బరు చూడబోతే కనిపించేవి కట్టేసిన బోట్లే. జాలరి పని చూడాలంటే అతని క్యాలెండరు తెలుసుకుని బయల్దేరాలి.

పెగ్గీస్ కోవ్ వెళ్లేవాళ్లు మే నెలలో వెళ్లండి. చలి తగ్గుతుంది, వేట ఇంకా సాగుతూ ఉంటుంది. పడవ ఒడ్డుకు చేరేవేళ రేవు దగ్గర, తాళ్లకు అడ్డం రాకుండా పక్కగా నిలబడండి. ఆ తర్వాతే లైట్‌హౌస్. చక్రాల కుర్చీ కూడా వెళ్లేలా 2021లో అక్కడ ఒక వేదిక కట్టారు. పెద్దవాళ్లను అక్కడి నుంచే సముద్రం చూడనివ్వండి. బండల మీదికి దిగితే పొడిగా, తెల్లగా ఉన్నచోటే ఉండండి. రాయి నల్లగా ఉందంటే అక్కడి దాకా అల వస్తుందన్నమాట. ఫొటో కోసం ఆ నల్లరాళ్ల మీదికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాటి మీద అడుగు పెట్టకండి.